తప్పిపోయిన పిల్లల పందిరి

కిందటి నెల విజయవాడ స్టేషన్లో రైలు కోసం కూర్చుని ఉంటే మైకులో ఒక ప్రకటన వినిపించింది. నాలుగేళ్ళ పాప, పచ్చ గౌను, రెండు జడలు, పేరు చెప్పలేకపోతోంది, సంబంధించినవాళ్ళు వచ్చి తీసుకువెళ్ళవలసిందని. రెండోసారి చదివేలోపే ఒకామె చెప్పులు చేత్తో పట్టుకుని వంతెన మెట్లు దిగి పరిగెత్తింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లలోంచి తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నారు. నేను మాత్రం నా రైలు వచ్చేదాకా ఆమె వెళ్ళిన వైపే చూస్తూ కూర్చున్నాను.

నేనూ ఒకసారి అలా మైకులోకి ఎక్కిన పిల్లనే. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

మా ఊరు ఉయ్యూరుకి బండి మీద గంట ప్రయాణం. సంక్రాంతి దాటి చలి కాస్త విరిగే రోజుల్లో ఊరంతా చెరుకు నరుకుళ్ళే. మా నాన్న ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలేవాడు. సాయంత్రం ఇంటికొస్తే ఆయన చొక్కా నుంచి చెరుకు రసం వాసన, ఎద్దుల వాసన కలిసి వచ్చేవి. గాలి అటునుంచి వీస్తే ఫ్యాక్టరీ వాసన ఊళ్ళోకి వచ్చేది. మాడిన బెల్లంలాగా, కొంచెం పులిసినట్టుగా. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్ళు. మా అమ్మ మాత్రం ఆ వాసనొస్తే, "పని ఉందన్నమాట" అనేది తృప్తిగా.

మా తాతయ్యని ఊళ్ళో పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఆయన ఉపదేశిగారు. మా కతోలిక గుడికి స్వాములవారు, అంటే ఫాదరుగారు, రెండు వారాలకోసారి సైకిలు మీద వచ్చి పూజ చెప్పి వెళ్ళేవారు. మిగిలిన రోజుల్లో గుడి తాతయ్యదే. పొద్దున్నే గంట కొట్టడం, జబ్బు చేసినవాళ్ళ దగ్గర జపం చెప్పడం, చనిపోయినవాళ్ళని సాగనంపడం, సాయంత్రం గుడి వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి జ్ఞానోపదేశం నేర్పడం. నలభై ఏళ్ళు చేశాడు. మా నాన్న ఆయన దగ్గరే నేర్చుకున్నాడు, మా అమ్మా నేర్చుకుంది. నేనూ తమ్ముడూ వచ్చేసరికి ఆయన బెత్తం అరిగి నున్నగా తేలింది.

"చేతులు కట్టుకో. కళ్ళు దించు. నవ్వకు." పాఠం ఈ మూడు మాటలతో మొదలయ్యేది. ప్రశ్న ఆయన అడిగేవాడు, జవాబు మేము పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాలి. ఒక్క మాట తప్పినా అరచెయ్యి చాచాలి. ఒకరోజు నేను జవాబు చెప్పడం మానేసి ఎదురు ప్రశ్న వేశాను. "తాతయ్యా, దేవుడు ఎప్పుడైనా నవ్వుతాడా?" అని. పిల్లలందరూ కిసుక్కుమన్నారు. తాతయ్య బెత్తం అందుకున్నాడు. "మనం చేసే పాపాలు చూస్తే ఆయనకి నవ్వెలా వస్తుందే" అని నా చేతి మీద రెండు దెబ్బలు వేశాడు. ఇంటి పిల్లననే ముచ్చట లేదు. పైగా ఇంటి పిల్లనని ఇంకో దెబ్బ ఎక్కువ కూడా పడేది అప్పుడప్పుడు.

రాత్రి అన్నాలకి ముందు ఇంట్లో జపమాల. నులక మంచాలు గోడకి నిలబెట్టి, చాప పరిచి, అందరం మోకాళ్ళ మీద. తమ్ముడికి ఐదేళ్ళు. వాడు సరిగ్గా నిశ్శబ్దమైన చోట చూసుకుని నాలుకతో బల్లి కూసినట్టు కూసేవాడు. నాకు నవ్వాగేది కాదు. తాతయ్య కళ్ళు తెరవకుండానే, "ఇద్దరూ చెవులు పట్టుకుని నిలబడండి" అనేవాడు. అప్పుడు నాయనమ్మ వైపు చూస్తే పెదాలు బిగబట్టుకుని, జపమాల పూసని గట్టిగా నొక్కుకుంటూ ఉండేది. ఆవిడకీ నవ్వు వస్తోందని నాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ, పక్కింటి ముసలమ్మ కూర్చుని మినుములు చెరుగుతున్నారు. ముసలమ్మ నన్ను పిలిచి, "నీకు తెలుసుటే, మీ తాత కుర్రతనంలో కోలాటం వేస్తే మూడూళ్ళ జనం చూడ్డానికొచ్చేవాళ్ళు. పాటలు కూడా తనే కట్టేవాడు, బాలయేసు మీద" అంది. నేను నమ్మలేదు. నాయనమ్మ చేటలోంచి తలెత్తకుండా చెప్పింది. "నిజమేనే. ఆ పాట విని కదా మా నాన్న నన్నిచ్చింది. ఉపదేశి పని ఇచ్చేటప్పుడు అప్పటి పెద్ద ఉపదేశి అన్నాడంట, గెంతులేసేవాడి మాట పిల్లలు వినరు, భయముంటేనే భక్తి అని. ఆ రోజు కోలాటం కర్రలు అటకెక్కించారు. పాట కూడా వాటితోనే పోయింది."

"మళ్ళీ ఎప్పుడూ పాడలేదా?"

"లేదు" అంది నాయనమ్మ. చేట రెండుసార్లు గట్టిగా ఎగరేసి, "మీ నాన్న పుట్టినప్పుడు కూడా" అంది.

ఆ ఏడాది క్రిస్మస్ అయిన వారానికి స్వాములవారు మా ఇంటికొచ్చారు. మంచం మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టాం. ఆయన చాలా మర్యాదగానే చెప్పారు. "ఉపదేశిగారూ, మీరు పెద్దవారయ్యారు. ఇంక విశ్రాంతి తీసుకోవాలి. శిక్షణ అయిన కుర్రవాణ్ణి ఒకతన్ని పంపిస్తున్నారు." తాతయ్య లేచాడు. లోపలికి వెళ్ళి గుడి తాళం చెవి తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు. స్వాములవారు కాఫీ తాగి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత తాతయ్య గుడికి వెళ్ళడం మానేశాడు. ఆదివారం మేమంతా తలదువ్వుకుని బయల్దేరుతుంటే పశువుల కొట్టం పక్కన మంచం వేసుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు. సాయంత్రం జపమాలకీ లేచేవాడు కాదు. ఇంట్లో జపం నాయనమ్మ చెప్పేది. నేనూ తమ్ముడూ ఆ రోజుల్లో ఎంత నవ్వినా అడిగేవాళ్ళు లేరు. చిత్రంగా మాకు నవ్వు వచ్చేది కాదు. తమ్ముడు బల్లి కూత కూడా మానేశాడు.

ఇంట్లో ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. నెల రోజులు చూసి నాయనమ్మే అంది. ఆవిడ గంజి గ్లాసు మంచం దగ్గర పెట్టి అక్కడే నిలబడింది.

"గుణదల మేరీమాత తిరునాళ్ళు వస్తున్నాయి. అందరం వెళ్తున్నాం."

"వెళ్ళిరండి."

"అందరం అన్నాను."

"అక్కర్లేదు పొమ్మన్న ఇంటికి నేనెందుకే?"

"పొమ్మన్నది మనుషులు. కొండ మీద తల్లి మిమ్మల్ని పొమ్మనలేదుగా" అంది నాయనమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "నా మోకాళ్ళు ఇంకో ఏడు ఆ మెట్లెక్కుతాయో లేదో. ఈసారి నాతో రండి" అంది.

తాతయ్య గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. వస్తానని అనలేదు. ప్రయాణం రోజు తెల్లారేసరికి మాత్రం ఉతికిన పంచె, బొత్తాల కోటు వేసుకుని, తలపాగా చుట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు.

అమ్మ అప్పటికే పులిహోర కలిపి అరిటాకుల్లో పొట్లాలు కట్టింది. కోడిగుడ్లు ఉడకబెట్టి ఉప్పూ కారం వేరే పొట్లం కట్టింది. నాన్న ఫ్యాక్టరీ పని ఆ ఒక్కరోజుకి ఇంకొకరికి అప్పగించాడు. ఆయన మాతో కలిసి ఒక రోజంతా గడపడం నాకు ఊహ తెలిశాక అదే మొదలు. ఉయ్యూరు దాకా బండి మీద వెళ్ళి, అక్కడ బస్సెక్కాం. బస్సు నిండా తిరునాళ్ళ జనమే. కాళ్ళ దగ్గర కొబ్బరికాయల సంచులు, ఒళ్ళో పిల్లలు. తాతయ్య ఒడిలో తమ్ముడు కూర్చుని కంకిపాడు రాకముందే ఆయన కోటు మీద కక్కాడు. తాతయ్య ఏమీ అనలేదు. మామూలు రోజుల్లో అయితే బస్సులోనే చెవులు పట్టించి నిలబెట్టేవాడు. తిట్టకపోతే నాకు భయం వేసింది.

బెజవాడలో దిగి గుణదల దాకా కాలువ గట్టు వెంట నడిచాం. నాకు కొత్త చెప్పులు. సగం దారికే మడమ మీద పొక్కు లేచి చిట్లింది. చెప్పులు చేత్తో పట్టుకుని కుంటుకుంటూ నడిచాను కానీ కొండ కనిపించగానే నొప్పి మర్చిపోయాను. కొండ మీద శిలువ, కింద నుంచి పైదాకా చీమల బారులాగా జనం. దగ్గరికి వెళ్ళే కొద్దీ వాసనలు మారేవి. ముందు తడి దుమ్ము వాసన, తర్వాత వేడి నూనెలో మిరపకాయ బజ్జీలు, ఆ తర్వాత ఈగలు ముసిరే ఖర్జూరం రాశులు, అన్నిటికీ మించి కరిగే మైనం వాసన. గుండు కొట్టించుకున్న పిల్లలు తల నిండా గంధం పూసుకుని జీళ్ళు చీకుతూ తిరుగుతున్నారు. బొట్టు పెట్టుకున్నవాళ్ళూ, ముసుగు వేసుకున్నవాళ్ళూ, మాలాగా మెడలో శిలువ వేసుకున్నవాళ్ళూ అందరూ అదే మెట్ల వైపు నడుస్తున్నారు. అవతల రంగులరాట్నం తిరుగుతోంది. దాని కిర్రుచప్పుడు నా చెవుల్లో పడింది. ఇంక వేరే చప్పుడు వినబడలేదు.

మెట్ల దగ్గరికి రాగానే తాతయ్య ఆగిపోయాడు.

"మీరు ఎక్కి రండి. నేను సామాను చూస్తాను."

నాన్న ఏదో అనబోతే నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "సరే. కాలు చిట్లింది, పిల్ల కూడా ఇక్కడే ఉంటుంది" అంది. ఆవిడ ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఇంత దూరం తీసుకొచ్చి, చివరి నాలుగు అడుగులు వేయించలేకపోయింది. ఒక చేత్తో కొబ్బరికాయ, ఇంకో చేత్తో మోకాలు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. అమ్మ, నాన్న, తమ్ముడు వెనకాలే వెళ్ళారు.

తాతయ్యా నేనూ ఒక చలువ పందిరి వారన సంచుల మధ్య కూర్చున్నాం. ఆయన కొండ వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి కళ్ళు మూసుకున్నాడు. నిద్రో కాదో తెలియదు. నేను మెల్లగా లేచాను. రంగులరాట్నం ఒక్కసారి దగ్గర నుంచి చూసి వచ్చేద్దామని. అంతే నా ఉద్దేశం.

రంగులరాట్నం చూశాను. దాని పక్కన ఫోటోలు తీసే గుడారం, అట్టతో చేసిన విమానంలో ఒక కుటుంబం మొత్తం కూర్చుని బిగుసుకుపోయి ఉంది. అది చూశాను. ఆ పక్కన కొండపల్లి బొమ్మలు. తల ఊపే బొమ్మ ఒకటి ఉంది, వేలితో తాకితే నడుమూ తలా వేర్వేరుగా ఊగుతోంది. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. వెనక్కి తిరిగితే అన్ని పందిళ్ళూ ఒకేలా ఉన్నాయి. అటు పరిగెత్తాను, ఇటు పరిగెత్తాను. పంచె కట్టుకున్న ప్రతి ముసలాయనా తాతయ్యలాగే ఉన్నాడు, దగ్గరికెళ్తే కాదు. అప్పుడు గట్టిగా ఏడ్చాను.

గాజుల బల్ల ముందు కూర్చున్న ఒక సాయిబు గారు నన్ను పిలిచారు. నెరిసిన గడ్డం, చేతి నిండా గాజుల గుత్తులు. "ఎవరమ్మా నువ్వు? ఎవరితో వచ్చావు?" అని అడిగి, నా ఏడుపు ఆగకపోయేసరికి బల్ల మీద గుడ్డ కప్పి, పక్క దుకాణంవాడికి చెప్పి, నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. "ఏం భయం లేదు. మైకులో చెప్తారు. మా మనవరాలు కూడా ఒకసారి ఇక్కడే తప్పిపోయింది, అరగంటలో దొరికింది" అని దారంతా చెబుతూనే ఉన్నారు.

అది తాటాకు పందిరి. స్తంభాలకి మైకు గొట్టాలు కట్టి ఉన్నాయి. బల్ల ముందు ఒకాయన మెడకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ అరిచి అరిచి ఆయన గొంతు బొంగురుపోయింది. ఒక సిస్టరమ్మ కుండలోంచి మంచినీళ్ళు ఇస్తోంది. చాప మీద ఏడెనిమిది మంది పిల్లలు ఒకరిని చూసి ఒకరు ఏడుస్తున్నారు. నా పేరు, ఊరు, తాతయ్య ఉపదేశి అని చెప్పాను. మైకాయన చదివాడు. నా పేరు కొండంతా మారుమోగింది. సిగ్గుతో తల వంచుకుని కూర్చున్నాను. తాతయ్య వస్తాడు, వచ్చి కొడతాడు, అది కూడా అందరి ముందూ కొడతాడు అని తెలుసు.

తాతయ్య వచ్చాడు. తలపాగా లేదు. చెప్పులు లేవు. పంచె ఒకవైపు ఊడి దుమ్ములో ఈడుస్తోంది. నేను లేచి నిలబడి అరచెయ్యి చాచాను. ఆయన ఆ చెయ్యి పట్టుకుని నన్ను దగ్గరికి లాక్కున్నాడు. కోటు మీద తమ్ముడు కక్కిన వాసన ఇంకా వస్తోంది. ఆయన గుండె చప్పుడు నా చెవికి తగిలింది. అంత దగ్గరగా నేను తాతయ్యని ఎప్పుడూ ఎరగను.

"నీ కోసం ఎన్ని పందిళ్ళు వెతికానే" అన్నాడు చివరికి. అంతే.

మేము వెళ్ళిపోదామని తిరిగేసరికి చాప మీద నుంచి ఒక చిన్నపిల్ల వచ్చి ఆయన పంచె పట్టుకుంది. మూడేళ్ళుంటాయేమో. నుదుటి మీద కరిగిన కాటుక బొట్టు, చేతిలో సగం తిన్న జీడి. అందరికన్నా పెద్ద ఏడుపు ఆ పిల్లదే. మైకాయన బొంగురు గొంతుతో అన్నాడు. "అయ్యా, ఉపదేశిగారన్నారుగా మీరు. ఈ పిల్లని కాస్త అడిగి చూడండి. గంట నుంచీ పేరు చెప్పదు, ఊరు చెప్పదు. ఏమని ప్రకటించేది?"

తాతయ్య నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ గొంతు సవరించుకున్నాడు. "ఏడవకు. చేతులు కట్టుకో. నీ పేరేమిటి?" ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, ఆ గొంతుకి దడుచుకుని మునుపటికన్నా పెద్దగా అందుకుంది. తక్కినవాళ్ళూ వంత కలిపారు. తాతయ్య నా వైపు చూశాడు. ఆయనకి ఏం చేయాలో తెలియడం లేదు. నలభై ఏళ్ళు పిల్లలతో ఉన్న మనిషికి, పిల్లని ఊరుకోబెట్టడం తెలియలేదు.

ఆయన బల్ల అంచున కూలబడ్డాడు. పిల్ల పంచె వదల్లేదు. తర్వాత రెండు వేళ్ళతో బల్ల మీద మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. కోలాటం దెబ్బ అది, నాకు అప్పుడు తెలియదు. తుప్పు పట్టిన గొంతుతో, దాదాపు తనలో తనే అన్నట్టు అందుకున్నాడు.

"ఏ ఊరు బాబూ నీది ఏ ఊరు?
పశువుల పాకే మా ఊరు.
ఎవరొచ్చినారు నిన్ను చూడ ఎవరొచ్చినారు?
గొర్రెలు కాసే మావోళ్ళు."

పిల్ల ఏడుపు ఆపి ఆయన వేళ్ళ వైపు చూసింది. తాతయ్య మళ్ళీ పాడాడు, ఈసారి కొంచెం పైకి. మూడోసారికి చాప మీద పిల్లలు చప్పట్లు కలిపారు. మైకాయన చప్పుడు చేయకుండా మైకుని ఆయన నోటి దగ్గరికి జరిపాడు. తాతయ్య గమనించలేదు. ఆయన చూపంతా ఆ పిల్ల మీదే ఉంది. పాటలో ఒక మాట మార్చాడు.

"ఏ ఊరు అమ్మా నీది ఏ ఊరు?"

పిల్ల వెక్కుతూ జవాబు చెప్పింది. "గట్టు మీద."

"గట్టు మీద ఇంట్లోన ఎవరున్నారు?"

"గేదె."

సిస్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తాతయ్య మాత్రం దెబ్బ తప్పకుండా అడిగాడు.

"గేదెకి పేరేమి పెట్టారమ్మా?"

"లచ్చి. కొమ్ము విరిగిపోయింది."

పందిరి బయట జనం గొల్లుమన్నారు. అప్పుడు తెలిసింది తాతయ్యకి, మైకు తన ముందే ఉందని, ఇదంతా తిరునాళ్ళ మొత్తం వింటోందని. ఆయన ముఖంలో రంగు మారింది. ఆగిపోతాడనుకున్నాను. కానీ ఆ సరికే జనంలోంచి ఒకామె కొప్పు ఊడిపోయి, "మా లచ్చే, మా లచ్చే" అంటూ తోసుకుంటూ వచ్చింది. పిల్ల తాతయ్య పంచె వదిలి వాళ్ళమ్మ మీదకి దూకింది. ఆ తల్లి పిల్లనెత్తుకుని ఇంకో చేత్తో తాతయ్య పాదాలు పట్టుకుంది. ఆమె ఏడుస్తోంది, చుట్టూ జనం నవ్వుతున్నారు. తాతయ్య కూడా నవ్వాడు. ముందు పెదాలు వణికాయి, తర్వాత పైపళ్ళు కనిపించాయి, తర్వాత భుజాలు ఊగాయి. నేను ఆయన పళ్ళు పూర్తిగా చూసింది ఆ రోజే.

ఇంక పిల్లలు ఒకరి వెనక ఒకరు ఆయన ముందుకొచ్చారు. ఒకడికి ఊరి పేరు కంకిపాడు, ఒకడికి వన్ టౌన్లో బియ్యం బస్తాల వీధి అన్నంతవరకే తెలుసు. అందరినీ పాటలోకి లాగాడు. చప్పట్లు ఇప్పుడు పందిరి బయటి నుంచి కూడా వస్తున్నాయి.

ఆ సమయానికి నాయనమ్మ వాళ్ళు కొండ సగంలో ఉన్నారట. మైకులో నా పేరు విని అమ్మ కంగారుపడి దిగుదామంటుంటే, రెండో ప్రకటనలో తాతయ్య వచ్చాడని చెప్పారు. అమ్మ తేరుకుంది. మళ్ళీ నాలుగు మెట్లెక్కారు. అప్పుడు పాట వినిపించింది. నాయనమ్మ ఉన్నచోటే మెట్టు మీద కూలబడింది. కళ్ళు తిరిగాయేమోనని అమ్మ కొంగుతో విసిరింది. నాన్న, "ఎవరో బాగా పాడుతున్నాడే" అన్నాడట. ఆయనకి తన తండ్రి పాట తెలియదు మరి. నాయనమ్మ లేచి, ఎక్కే జనానికి ఎదురుగా దిగడం మొదలుపెట్టింది. ఎక్కేటప్పుడు ప్రతి మెట్టుకీ ఆగిన మనిషి దిగేటప్పుడు ఎవరికీ అందలేదని అమ్మ చెప్పేది.

నాయనమ్మ పందిరి స్తంభం పట్టుకుని నిలబడింది. చేతిలో కొబ్బరికాయ అలాగే ఉంది. తాతయ్య ఆవిడని చూసి టక్కున ఆపేశాడు. తప్పు చేసి దొరికిపోయిన మా తమ్ముడి ముఖంలాగా ఉంది ఆయన ముఖం.

నాయనమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆపారేం? ఇంకా ఇద్దరున్నారుగా పిల్లలు" అంది.

ఆ ఇద్దరి వాళ్ళూ వచ్చేదాకా తాతయ్య పాడుతూనే ఉన్నాడు. తర్వాత పందిరి వెనక నీడలో పులిహోర పొట్లాలు విప్పాం. సిస్టరమ్మకీ, మైకాయనకీ పెట్టాం. నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి గాజుల సాయిబు గారికి ఒక పొట్లం ఇచ్చి వచ్చింది. ఆయన వద్దంటూనే తీసుకుని, నా చేతులకి రెండు డజన్ల ఎర్ర గాజులు తొడిగారు.

ఎండ తగ్గాక తాతయ్య తనంతట తనే లేచి, "పదవే" అన్నాడు నాయనమ్మతో. ఆవిడ చెయ్యి ఆయన పట్టుకున్నాడు. నన్ను నాన్న భుజాల మీద ఎక్కించుకున్నాడు. గుహలో మాత ముందు కొవ్వొత్తులు గుత్తులుగా వెలుగుతున్నాయి. అక్కడ తాతయ్య ఏ జపం చెప్పాడో, అసలు చెప్పాడో లేదో తెలియదు. నిలబడి చూస్తూ ఉన్నాడు. కింద నుంచి ఎవరిదో పిల్లాడి ఏడుపు వినిపిస్తే మాత్రం చటుక్కున అటు తిరిగాడు.

దిగాక రంగులరాట్నం కూడా ఎక్కాం. తాతయ్య ఎక్కనన్నాడు. తమ్ముడు ఒళ్ళో కూర్చుంటానని మారాం చేస్తే ఎక్కక తప్పలేదు. తొట్టి పైకి వెళ్ళినప్పుడు తమ్ముడు బల్లి కూత కూశాడు. తాతయ్య కూడా కూశాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నమ్మాను.

తిరుగుబస్సులో చీకటి పడకముందే అందరికీ నిద్ర ముంచుకొచ్చింది. నాన్న ఏమీ తోచక, "ఇన్నాళ్ళు ఎందుకు పాడలేదు నాన్నా?" అన్నాడు. తాతయ్య కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ జవాబిచ్చాడు. "నలభై ఏళ్ళు పిల్లల చేత పాఠం అప్పజెప్పించుకున్నానురా. ఇవాళ పిల్లల్నే అప్పజెప్పాను, వాళ్ళ అమ్మలకి. దీన్లో ఉన్న సంతోషం దాన్లో లేదు." మళ్ళీ తనే, "దేవుడి పని ఇదేనేమో. నేనే ఇన్నాళ్ళూ ఇంకేదో అనుకున్నాను" అన్నాడు.

ఆ ఆదివారం ఆయన గుడికొచ్చాడు. ముందు వరుసలో తన పాత చోటికి వెళ్ళకుండా చాప మీద పిల్లల మధ్య కూర్చున్నాడు. కొత్త ఉపదేశి బిడియస్తుడైన కుర్రాడు, తాతయ్యని చూసి లేచి నిలబడితే కూర్చోమని సైగ చేశాడు. సాయంత్రాలు పాఠం ఆ అబ్బాయి చెప్పేవాడు, పాటలు తాతయ్య నేర్పేవాడు. ప్రతి ఏడూ తిరునాళ్ళకి వెళ్ళి ఆ తాటాకు పందిట్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చునేవాడు. ఆరేడేళ్ళు వెళ్ళాడు. ఒక చెరుకు నరుకుళ్ళ కాలంలోనే పోయాడు. గుడి నుంచి సమాధుల దొడ్డి దాకా పిల్లలు ఆయన పాట చప్పట్లతో పాడుతూ నడిచారు. శవం వెనక చప్పట్లేమిటని ఊళ్ళో కొందరు గొణిగారు. చప్పట్లు మొదలుపెట్టింది నాయనమ్మే కాబట్టి పైకి ఎవరూ ఏమీ అనలేదు.

నా బతుకులో తర్వాత కష్టాలూ వచ్చాయి, జపం నోటికి రాని రోజులూ వచ్చాయి. దేవుడంటే భయం మాత్రం మళ్ళీ కలగలేదు. అది ఆ పందిట్లోనే పోయింది, ఎవరూ వెతికి తెచ్చివ్వలేదు.

నాయనమ్మ తాతయ్య తర్వాత ఇంకో పదేళ్ళు బతికింది. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక ఒకరోజు ఆవిడ కాళ్ళకి నూనె రాస్తూ అడిగాను. "ఆ తిరునాళ్ళలో అంత పట్టుబట్టి తీసుకెళ్ళావు కదా, మాతకి ఏమని మొక్కుకున్నావు నాయనమ్మా?"

"మొక్కు ఎక్కడే. మొక్కుదామని ఎక్కుతుంటే సగంలోనే దిగొచ్చేశానుగా."

"సాయంత్రం మళ్ళీ ఎక్కావు కదా?"

నాయనమ్మ బోసినోటితో నవ్వింది. "ఎక్కాను. ఎక్కి కొబ్బరికాయ కొట్టాను. అప్పటికింక అడగడానికి ఏముందే?"